అవతలి ఒడ్డును పటంలోకి తెచ్చిన స్వర్ణకుమారి గారు

1990 ఆగస్టు ఆరవ తేదీ, సోమవారం. ఆ ఉదయం ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా రైల్వే క్వార్టర్ల నుంచి హిజ్లీ వరకు వానలో సైకిలు తొక్కుకుంటూ వచ్చి, మన సరిహద్దు వన్యప్రాణి ప్రణాళికా కేంద్రం వరండాలో చీర కుచ్చెళ్ళు పిండుకుని, తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చిన నియామక పత్రాన్ని బల్ల మీద పెట్టి, ఇరవై నాలుగేళ్ళ కుమారి బొడ్డేపల్లి స్వర్ణకుమారి ట్రేసర్‌గా విధులలో చేరారు. పెద్ద పటం మీద పలుచని కాగితం పరిచి గీతకు గీత దించడం ఆ ఉద్యోగం. ముప్పై అయిదేళ్ళ అయిదు నెలల ఇరవై అయిదు రోజుల అవిచ్ఛిన్న సేవానంతరం, ప్రధాన ప్రణాళికాధికారిణి హోదాలో, ఈ 2026 జనవరి 31వ తేదీన వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభ సందర్భాన వెలువడుతున్న సంచికలో వారి ఉద్యోగ జీవితాన్ని యథాతథంగా స్మరించుకోవడం సహోద్యోగులకు కర్తవ్యమే కాక గౌరవం కూడా.

యథాతథంగా అన్న మాట ఊరికే పడలేదు. సంచిక వేస్తున్నామని చెప్పగానే ఆవిడ ఒక షరతు పెట్టారు. పొగడ్తలు ఎన్నయినా రాసుకోవచ్చునట, కానీ 2003 నాటి తప్పు అందులో లేకపోతే సన్మాన సభకు రారట. "పూలదండ మీరే ఏసుకోండి" అని కూడా అన్నారు. స్వర్ణకుమారి గారు ఒక మాట అన్నాక దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాదని ఈ కేంద్రంలో తోటమాలి మొదలు సంచాలకుల వరకు అందరికీ తెలుసు. కనుక ఆ తప్పుకు ఈ వ్యాసంలో దక్కవలసిన చోటు దక్కింది.

వారి తండ్రి, కీర్తిశేషులు శ్రీ అప్పలకొండ గారు, శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన రైల్వే కుటుంబానికి చెందినవారు. ఊరి శివారున ఒక లెవెల్ క్రాసింగ్ వద్ద ముప్పై ఒక్క సంవత్సరాలు గేట్‌మేన్‌గా పనిచేశారు. కుమార్తె పాలిటెక్నిక్‌లో పటాల రచన నేర్చుకుంటుంటే, చదువవగానే రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో చేరుతుందని ఆయన ఆశించారు. రైల్వేది కాని ఉద్యోగాన్ని ఉద్యోగంగా లెక్కించే అలవాటు ఆ క్వార్టర్లలో ఆనాడు లేదు. నియామక పత్రం చూసి ఆయన అడిగిన ప్రశ్నను స్వర్ణకుమారి గారు ఇప్పటికీ ఆయన గొంతుతోనే వినిపిస్తారు: "ఏనుగులకి పటాలేటమ్మా? అవి సదువుకుని నడుత్తాయేటి?" ఏనుగులు చదవవని, చదవవలసింది మనుషులేనని ఆమె జవాబు చెప్పారు. తండ్రి తల ఊపి, టిఫిన్ డబ్బా తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయారట.

ఈ సంచిక చదివే కుటుంబ సభ్యుల కోసం కేంద్రం పనిని గురించి ఒక మాట. అడవి జంతువులు దేశాల సరిహద్దులను ఎరగవు. మేత కోసం, నీటి కోసం తరతరాలుగా నడిచిన దారుల్లోనే నడుస్తాయి. అటువంటి దారులను గుర్తించి, వాటికి ఇరువైపులా ఉన్న దేశాలు కలిసి దీర్ఘకాలం కాపాడుకునేలా ప్రణాళికలు రచించడం మన పని. స్వర్ణకుమారి గారి చేతికి వచ్చినది ఉత్తర బెంగాల్‌కు, నేపాల్‌కు నడుమ హద్దుగా పారే ఒక ఏరు, దాన్ని దాటే ఏనుగుల గుంపులు. ఆ ఏరు ఎక్కడ, ఖరగ్‌పూర్ ఎక్కడ అని కొత్తగా చేరినవారు అడుగుతుంటారు. పటాలు గీసేవాళ్ళు, లెక్కలు కట్టేవాళ్ళు హిజ్లీలో దొరుకుతారు గనక కేంద్రం ఇక్కడ వెలసింది, అంతకు మించిన రహస్యమేమీ లేదు.

చేరిన మొదటి ఏడాదే ఆమెకు ఒక విషయం మింగుడు పడలేదు. కేంద్రంలోని పటాలన్నిటిలోనూ ఏనుగుల దారులు ఏటి ఒడ్డుదాకా వచ్చి ఆగిపోయేవి. అవతలంతా తెల్ల కాగితం. ఆనాడు పటాల విభాగానికి అధిపతిగా ఉన్న శ్రీ జ్ఞానప్రకాశం గారు మృదుస్వభావులు, క్రమశిక్షణకు మారుపేరు. ఆయన బల్ల దగ్గరికి ఆమె పటం పట్టుకుని వెళ్ళారు.

"ఈ గుంపు ఏటి దాకా వచ్చినాదండి. ఆ తరవాత ఏటయిపోనాదండి?"

"అవతలిది నేపాల్ అమ్మా. మన పటం అక్కడితో సరి."

"ఆ సంగతి ఏనుక్కి సెప్పినారాండి?"

జ్ఞానప్రకాశం గారు నవ్వాపుకోలేకపోయారు. ఆ నవ్వులోనే అవతలి అటవీ సిబ్బందికి ఉత్తరాలు రాయడానికి అనుమతి కూడా సంపాదించారు స్వర్ణకుమారి గారు. తరువాతి పన్నెండేళ్ళలో ఆమె రాసినవి, ఆమెకు వచ్చినవి కలిపి ఆరు వందలకు పైగా ఉత్తరాలు కేంద్రం బీరువాలో ఉన్నాయి. ఏ తేదీన ఎన్ని ఏనుగులు, ఏ గట్టు దిగి, ఏ తోట పక్కగా పోయాయన్న వివరాలు తప్ప వాటిలో కుశల ప్రశ్నలు కూడా కనిపించవు. ఆ ఉత్తరాల ఆధారంగా తెల్ల కాగితం మీద మొదట పెన్సిలుతో, రూఢి అయ్యాక సిరాతో, పద్నాలుగు దారులను ఆమె అవతలి ఒడ్డున పూర్తి చేశారు. 1996లో డ్రాఫ్ట్స్‌మన్‌గా, 2001లో సహాయ ప్రణాళికాధికారిణిగా పదోన్నతులు పొందారు.

ఆ కాలంలోనే, 1993లో, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా ఉన్న శ్రీ మోహనకృష్ణ గారితో వారి వివాహం జరిగింది. నెలలో పదిహేను రోజులు ఏటి ఒడ్డున గడిపే ఇల్లాలితో కాపురం ఎలాంటిదో ఆయనను అడిగే తెలుసుకోవాలి. ఇంజను విప్పి బిగించే మనిషికి పప్పుచారు ఒక లెక్కా అని ఆయన మొదట్లో అనేవారు. పదేళ్ళ తర్వాత పప్పుచారే కష్టమని బహిరంగంగా ఒప్పుకున్నారు. వారి సహనానికి ఈ కేంద్రం ఎంతో రుణపడి ఉంది.

ఇక 2003. జూలై మాసం, మొక్కజొన్న కోతల కాలం. ఇరవై మూడు ఏనుగుల గుంపు మన వైపు పొలాలలో దిగింది. గుంపును మళ్ళించేందుకు అక్కడి సిబ్బంది ఒక పటం కావాలని కోరారు. స్వర్ణకుమారి గారు గీసి ఇచ్చారు. దాని మీద ఏటి వైపు చూపిస్తూ ఒక బాణం గుర్తు వేసి, పక్కన 'తిరుగు దారి' అని రాశారు. దారి సరైనదే, పన్నెండేళ్ళ ఉత్తరాలు అందుకు సాక్ష్యం. కానీ ఆ ఉదయం ఆ దారిలో మనుషులు ఉన్నారో లేరో ఆమె అవతలివారిని అడగలేదు.

ఇవతలివాళ్ళు డప్పులతో, టపాకాయలతో గుంపును ఏటిలోకి తోలారు. అవతలి ఒడ్డున కోతకు దిగిన జనం ఎదురొస్తున్న గుంపును చూసి అదే పద్ధతిలో వెనక్కి తోలారు. ఏనుగులు నేపాల్‌వని మనవాళ్ళు, ఇండియావని వాళ్ళు. ఉదయం ఏడు గంటల నుంచి మధ్యాహ్నం వరకు ఆ గుంపు ఎటూ కదలలేక ఏటి నడుమ ఇసుక మేట మీద నిలబడిపోయింది. ఎగువన పడిన వానకు నీరు పెరిగి ఒక పిల్ల ఏనుగు కొట్టుకుపోయింది. దాన్ని వెతుక్కుంటూ తల్లి అవతలి ఒడ్డెక్కింది. దాని దారిలో ఉన్న ఒక రైతు చనిపోయాడు.

విచారణ నివేదికలో ఎవరి పేరూ రాకుండా సర్దుకునే వీలు ఉండింది. 'సమన్వయ లోపం' అనే మాట ఇటువంటి వేళల్లో ఎందరినో కాపాడింది. ముసాయిదాలో ఉన్న ఆ మాటను స్వర్ణకుమారి గారు కొట్టివేసి, "బాణం గుర్తు నేను వేశాను, అవతలివారిని అడగకుండా వేశాను" అని రాసి కింద సంతకం చేశారు. జ్ఞానప్రకాశం గారు అది చదివి కళ్ళజోడు తీశారు.

"పేరు రాయకపోయినా సరిపోయేదమ్మా."

"సచ్చిపోయినాయనకి పేరుందండి. నాదీ ఉండాల."

వారం రోజులు సెలవు పెట్టి ఆమె సుభాష్‌పల్లిలోని తండ్రి ఇంటికి వెళ్ళారు. అప్పటికి అప్పలకొండ గారు ఉద్యోగ విరమణ చేసి, వీధి అరుగు మీద పేపరు చదువుకుంటూ విశ్రాంతిగా ఉన్నారు. కూతురు చెప్పినదంతా విని, ఓదార్చే ప్రయత్నం ఏమీ చేయకుండా, ఆయన వృత్తిపరమైన ఆశ్చర్యం ప్రకటించారు.

"అవతల గేటు పడినాదో లేదో అడక్కుండా బండొదిలేసినారేటి?"

"బండి కాదు నాన్నా, ఏనుగులు."

"ఏదైతే ఏటి? కదిలీదే గదా."

ఆపైన ఆయన చెప్పినది రైల్వేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. బండి వచ్చే ముందు స్టేషన్ మాస్టరు గేట్‌మేన్‌కు ఫోను చేస్తారు. గేట్‌మేన్ గేటు మూసి, తాళం వేసి, తన దగ్గరున్న కాగితంలో వరసగా అచ్చువేసిన అంకెల్లో తరువాతి అంకెను చదివి చెబుతాడు. దాన్ని ప్రైవేట్ నంబర్ అంటారు. మాస్టరు ఆ అంకెను పుస్తకంలో రాసుకుంటారు, గేట్‌మేన్ తన కాగితంలో దాన్ని కొట్టేస్తాడు. నంబరు రాలేదంటే గేటు పడలేదన్న లెక్కే.

"నోటితో ఠీక్ హై అంటే సాలదమ్మా," అన్నారాయన. "ఠీక్ హై అని నిద్దట్లో కూడా అనేత్తారు. నంబరు సూసి సెప్పాలంటే కళ్ళు తెరవాల, గేటేసినానా నేదా అని ఓపాలి ఎనక్కి సూసుకోవాల. నా ముప్పై ఒక్క ఏళ్ళల్లో నంబరివ్వకుండా ఒక్క బండి పోనాదేటి, ఎవుల్నైనా అడుగు."

సెలవు పూర్తికాకుండానే స్వర్ణకుమారి గారు హిజ్లీ తిరిగివచ్చి నాలుగు పేజీల ప్రతిపాదన రాశారు. ఇరు ఒడ్డుల అటవీ కాపలా చావళ్ళకు ఫోనులు, ఒకే రకమైన నంబర్ల కాగితాలు ఇవ్వాలి. ఒక వైపు నుంచి గుంపును మళ్ళించే ముందు అవతలివారు తమ దారి ఖాళీ చేయించి నంబరు చెప్పాలి. నంబరు రాకపోతే డప్పు మోగకూడదు. ఇదీ దాని సారాంశం. ఒక సమావేశంలో ఒక పెద్ద అధికారి "ఇదేమన్నా రైల్వే యార్డా?" అని పరిహాసం చేశారు. యార్డులో ప్రమాదం జరిగితే విచారణ జరుగుతుందండి, ఇక్కడ సంతాపం మాత్రమే జరుగుతోందని ఆవిడ జవాబు. రెండు ప్రభుత్వాల అనుమతులకు మూడేళ్ళు పట్టింది. అవతలివారు దేవనాగరి అంకెలు చదువుతారు, ఇవతలివారు బంగ్లా అంకెలు చదువుతారు గనక, ప్రతి నంబరునూ రెండు లిపులలోనూ అచ్చువేయించారు. అచ్చుతప్పులను ఖరగ్‌పూర్‌లో కూర్చుని తానే దిద్దారు.

2006 నవంబరులో మొదటి పరీక్ష వచ్చింది. వరి కోతకు సిద్ధంగా ఉన్న పొలాలకు చేరువలో పంతొమ్మిది ఏనుగులు. ఇవతలి చావడిలో ఫోను దగ్గర స్వర్ణకుమారి గారు. అవతలి చావడిలో శ్రీ ఖడ్గబహాదుర్ లింబూ అనే యువ అధికారి. ఆమె ఉదయం ఆరు గంటలకు నంబరు అడిగారు.

"పొలాల్లో జనం ఉన్నారు దీదీ, కోతలవుతున్నాయి," అన్నారాయన. "నంబరు ఇవ్వను."

ఇవ్వను అనే హక్కు అవతలివారికి ఉండడమే ఆ పద్ధతికి ప్రాణం. అయితే ఆ ప్రాణం ఎంత ఖరీదైనదో ఆ పూటే తెలిసింది. మన వైపు రైతులు చావడిని చుట్టుముట్టారు. ఒక వృద్ధురాలు బంగ్లాలో అడిగిన ప్రశ్న ఆమెకు ఇప్పటికీ కంఠస్థం: "దీదీ, వాళ్ళది వడ్లు, మాది గడ్డా?" ఆ మాట న్యాయమేనని ఆమె ఒప్పుకున్నారు. కానీ డప్పు మోగనివ్వలేదు. మూడు రోజులపాటు రైతులతో కలిసి పొలం గట్ల మీదే ఉండి, గుంపు ఊళ్ళోకి రాకుండా కాపలా కాశారు. పదకొండు బీఘాల వరి, అంటే మూడున్నర ఎకరాలకు పైగా, పోయింది. ఆ రైతులందరికీ పరిహారం అందే వరకు, తరువాతి ఎనిమిది నెలలు, ప్రతి సోమవారం ఆమె సంబంధిత కార్యాలయానికి ఫోను చేశారు. చివరికి ఆమె గొంతు వినగానే అక్కడి గుమాస్తా ఫైలు తీసేవారట.

నాలుగో రోజు ఉదయం ఆరూ పదికి ఫోను మోగింది. లింబూ గారు ఒకే మాట చెప్పారు: "అరవై ఎనిమిది." ఆమె రాసుకుని, తిరిగి చదివి వినిపించారు. పంతొమ్మిది ఏనుగులూ నలభై నిమిషాల్లో ఏరు దాటి, అవతలి అడవిలో కలిశాయి. ఒక్క టపాకాయ పేలలేదు. ఆమె వెంటనే సుభాష్‌పల్లికి ఫోను చేశారు. విషయమంతా విన్నాక అప్పలకొండ గారు అడిగింది ఒకటే.

"నంబరు కొట్టేసినావా?"

"కొట్టేసినాను నాన్నా."

"అయితే ఫోనెట్టీ, బిల్లు లేత్తాది."

ఈ పంతొమ్మిదేళ్ళలో ఆ ఏటి మీద నాలుగు వందలకు పైచిలుకు నంబర్లు అటూ ఇటూ మారాయి. ఫోను పలకక రెండుసార్లు పంటలు పోయిన మాట నిజం. అయితే గుంపును మళ్ళించే వేళ ఆ ఏటి ఒడ్డున మనిషి గాని, ఏనుగు గాని మరణించిన ఘటన మళ్ళీ జరగలేదు. వేరొకరయితే ఆ ఘనతతో తృప్తిపడి ఉండేవారు. స్వర్ణకుమారి గారికి మాత్రం ఆ నంబర్ల పుస్తకమే కొత్త దిగులు తెచ్చిపెట్టింది. ఏటేటా నంబరు రావడానికి పట్టే రోజులు పెరుగుతున్నాయి. అంటే దారులు ఇరుకవుతున్నాయి. ఒడ్డున ఇటుక బట్టీలు, గోదాములు, కొత్త ఇళ్ళు. ఈ లెక్కన కొన్నాళ్ళకు నంబరు అడగడానికి దారే మిగలదు.

కనుక 2012 నుంచి ఆమె దృష్టి నలభై ఏళ్ళ సంయుక్త ప్రణాళిక మీద నిలిచింది. పద్నాలుగు దారులలో తొమ్మిదింటిని ఇరు దేశాలూ నిర్మాణాలు లేకుండా ఉంచడం, ఖాళీ పడిన చోట్ల అడవిని తిరిగి పెంచడం, ఏరు పక్కకు జరిగినప్పుడల్లా దారులను మళ్ళీ గుర్తించడం అందులో ముఖ్యాంశాలు. నలభై ఏళ్ళు ఎందుకని అడిగినవారికి ఆమె ఓపికగా చెప్పేవారు. ఏనుగు కడుపుతో ఉండేదే ఇరవై రెండు నెలలు. మన ఫైలు ఒక బల్ల నుంచి ఇంకొక బల్లకు చేరేలోగా ఒక పిల్ల పుడుతుంది. ఆ పిల్ల తల్లి కావడానికి ఇంకో పదిహేనేళ్ళు. ఐదేళ్ళ ప్రణాళికలో నాటిన మొక్క ఏనుగు వీపు గోక్కోవడానికి కూడా పనికిరాదు.

గత నవంబరులో తుది సమావేశం జరిగింది. ఆమె ఉద్యోగంలో మిగిలినది రెండు నెలలు. ఇరు పక్షాల పెద్దలూ చివరి క్షణంలో వెనుకాడి, ఐదేళ్ళకు సంతకాలు చేద్దాం, తరువాతి సంగతి తరువాత చూద్దాం అన్నారు. ఒప్పుకుంటే పదమూడేళ్ళ శ్రమకు ఫలితంగా ఒక ఒప్పందం పుచ్చుకుని సగౌరవంగా ఇంటికి వెళ్ళవచ్చు. కాదంటే ఏ సంతకమూ లేకుండానే విరమించవలసి రావచ్చు. ఆమె కాదన్నారు. ఒక రోజు కాదు, మూడు రోజులు వరసగా కాదన్నారు.

"నలభై ఏళ్ళ తర్వాత ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరుంటారు మేడమ్?" అని మన వైపు అధికారి ఒకరు విసిగిపోయి అడిగారు.

హిందీలో ఆమె చెప్పిన సమాధానానికి తెలుగు ఇది: "ఉండము గనకనే కాగితం మీద రాయమంటున్నాను సార్. ఉండేవాళ్ళమే అయితే నోటితో చెప్పుకుంటే సరిపోయేది."

అప్పుడు అవతలి ప్రతినిధి వర్గానికి నాయకత్వం వహిస్తున్న, ఇప్పుడు జుట్టు నెరిసిన లింబూ గారు లేచి నిలబడ్డారు. "2003లో చనిపోయిన రైతు మా ఊరివాడు," అన్నారు. "తప్పు తనదని తనే పేరు రాసుకున్న అధికారిని ఆ రోజుకు ముందు గాని, తర్వాత గాని నేను చూడలేదు. ఆమె నలభై అంటే మా ఒడ్డున నలభై." ఆ సాయంత్రానికి రెండు వైపులా సంతకాలయ్యాయి. స్వర్ణకుమారి గారు బయటికి వచ్చి, వరండాలోని బల్ల మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చారు. ఆమె ఏడవడం చూసినవారు ఈ కేంద్రంలో అంతకు ముందు ఎవరూ లేరు.

ఒప్పందంలో ఒక మెలిక ఉన్నదని దాచనవసరం లేదు. ప్రతి ఐదేళ్ళకూ జరిగే సంయుక్త సమీక్షలో ఏ పక్షమైనా వైదొలగవచ్చు. అంటే ఆ నలభై ఏళ్ళనూ ఎనిమిది సార్లు గెలుచుకోవాలి. ఆ భారం ఇక వారిది కాదు, ఇక్కడ మిగిలినవారిది. వారి స్థానంలో బాధ్యతలు స్వీకరిస్తున్న కుమారి పూజను ఆవిడ గత నెల ఏటి ఒడ్డుకు తీసుకువెళ్ళి, తొమ్మిది దారులనూ కాలినడకన తిప్పారు. తిరిగి వచ్చాక పూజ మూడు రోజులు చెప్పులు వేసుకోలేకపోయింది. ఎలా జరిగిందని అడిగితే, "మేడమ్‌కి మోకాళ్ళు నొప్పట. నాకైతే నమ్మకం లేదండి" అన్నది.

ఇక శుభాకాంక్షలు. పదవీ విరమణ చేసేవారిని నిండు నూరేళ్ళు జీవించమని కోరడం మన మర్యాద, ఆ నూరేళ్ళను ఎవరూ లెక్కపెట్టరు. స్వర్ణకుమారి గారి విషయంలో లెక్కపెట్టక తప్పడం లేదు. రెండు ప్రభుత్వాలూ ఆమోదించిన ప్రణాళికలో చివరి పేజీ మీద, ఎనిమిదవదీ ఆఖరిదీ అయిన సంయుక్త సమీక్ష ఆ ఏటి ఒడ్డుననే జరగాలని, తేదీతో సహా ఉన్నది: 2066 జనవరి 19. ఆ తేదీయే ఎందుకని, ముసాయిదా టైపు చేసిన పూజను పెద్దలెవరూ అడగలేదు. సంతకాలయ్యాక సహోద్యోగులు అడిగారు. అది స్వర్ణకుమారి గారికి నూరేళ్ళు నిండే రోజు. అందాకా వారి చూపు, మోకాళ్ళు, కోపం ఈనాటి మాదిరిగానే ఉండాలని, మోహనకృష్ణ గారి చేతి పప్పుచారుతో వారు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని సహోద్యోగులందరి ఆకాంక్ష. ఆ తేదీకి రెండు దేశాలు సంతకం చేశాయి గనక, వారు రాకపోవడానికి వీలు లేదు.